పిట్టపోరు తీర్చడానికి పిల్లి ఎందుకు?

గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే, కుడివైపున కొండవీటి కొండలు చాలాసేపు మనతో కూడా వస్తాయి. అవి వెనకబడే వేళకు ఎడ్లపాడు వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు ఈ ఊరు గుంటూరును విడిచి పల్నాడు జిల్లాలో చేరింది. పత్తి, మిరప పండే నేల. ఇప్పుడు పెద్దరోడ్డుకు అటూ ఇటూ దారపు మిల్లులు, మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలు వెలిశాయి. పక్కనే వంకాయలపాడులో సుగంధ ద్రవ్యాల పార్కు ఉన్నది. తెల్లవారి ఆరు గంటలకు, పగలు రెండింటికి, రాత్రి పదింటికి మిల్లుల గేట్ల ముందు కాస్త సందడి. లోపలివారు బయటికి, బయటివారు లోపలికి. మిగతా వేళల్లో కదుళ్ల రొద తప్ప మరేమీ వినపడదు.

ఈమధ్య ఒక పెళ్లికి ఆ ఊరు వెళ్లవలసి వచ్చింది. ముహూర్తం రాత్రికి. పగలంతా ఏం చేయాలో తోచక అరుగుమీద కూర్చుంటే, పెళ్లికూతురి పినతండ్రి వచ్చి పక్కన చేరాడు. ఇరవై ఏళ్లకు పైబడి ఒక దారపు మిల్లులో ఫిట్టరు. ఇంటా బయటా అందరికీ ఆయన బాబాయే. మాట మీద మాట వచ్చి, మిల్లులో ఇద్దరు ఆడవాళ్ల మధ్య వచ్చిన తగవూ, దాన్ని తాను చక్కబెట్టిన తీరూ చెప్పుకొచ్చాడు. పేర్లు వేయవద్దన్నాడు. వేయవలసిన పనీ లేదు. అటువంటి తగవు లేని మిల్లు గాని, ఆఫీసు గాని, బడి గాని ఉంటే మన పాఠకులే చెప్పాలి.

"ఏం చెప్పమంటారండీ, ఇద్దరూ మంచోళ్లే. అక్కడే వచ్చింది చిక్కంతా," అని మొదలుపెట్టాడు.

ఆ ఇద్దరిలో పెద్దామెకు నలభై దాటాయి. పొద్దుటి షిఫ్టు. చిన్నామెకు ఇరవై రెండు. మధ్యాహ్నపు షిఫ్టు. ఇద్దరిదీ ఒకటే మిషను, కాని ఒకరు దిగితే ఒకరు ఎక్కేవాళ్లు కనుక రోజుకు అయిదు నిమిషాలైనా కలిసి ఉండరు. అయినా ఏడాదిపాటు ఒకరి పొడ ఒకరికి గిట్టలేదు.

దారపు మిషను సంగతి తెలియని వారికి రెండు ముక్కలు చెప్పాలి. ఒక్కొక్క మిషనుకు వందల కదుళ్లు. దారం ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంటుంది. మనిషి అటూ ఇటూ తిరుగుతూ తెగిన కొసను అతుకుతూ పోవాలి. అతికేదాకా ఆ కదురుకు రావలసిన దూది గాలిగొట్టంలోకి పోయి వేస్టు పెట్టెలో పడుతుంది. షిఫ్టు చివర ఆ వేస్టును తూచి, మిషను మీద ఉన్నవారి పేరున రాస్తారు. వేస్టు ఎక్కువైతే సూపర్‌వైజరు మాట పడాలి.

చిన్నామె ఫిర్యాదు ఇది: "ఆమె రెండు కాకముందే చేతులు దులుపుకొని పోతోంది. నేనొచ్చేసరికి సగం దారాలు తెగి ఉంటాయి. ఆమె చేసిన వేస్టు నా పేరున పడుతోంది." పెద్దామె మాట వేరు: "ఆ పిల్ల రెండింటికి రావాల్సింది రెండుంబావుకి వస్తుంది. వచ్చి నామీద చాడీలు చెబుతుంది." ఒకనాడు గేటు దగ్గర ఎదురుపడి అనుకోరాని మాటలు అనుకున్నారు. "పెద్దదానివై ఉండి సిగ్గులేదా" అని ఈమె అన్నది. "నీ పెంపకం అట్టాంటిది" అని ఆమె అన్నది. అంతే. ఆ పూట నుంచి మిల్లులో సగం మంది ఇటు, సగం మంది అటు. ఒకరి తట్టు వాళ్లు మంచినీళ్ల దగ్గర నిలబడితే రెండోతట్టు వాళ్లు దాహమైనా ఆగుతారట.

సూపర్‌వైజరు ఇద్దరికీ చెరొక మెమో ఇచ్చాడు. ఆయన్ని తప్పు పట్టలేము. నూటయాభై మందితో పని చేయించవలసినవాడు ఎవరి మాట నిజమని విచారిస్తూ కూర్చుంటాడు? రెండో మెమో కూడా ఇచ్చాడు. మూడోది ఇస్తే ఇద్దరూ ఇంటికే. పెద్దామెకు ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన భర్త. చిన్నామె జీతంతో తమ్ముడి పాలిటెక్నిక్ చదువు. తగవు నిలిచింది దూది మీదే అయినా, ఊడిపోయేది రెండు కుటుంబాల కూడు.

ఇక్కడ కొంచెం ఆగి, కొలువులో ఇద్దరికి పడకపోతే ఎంతదాకా పోతుందో పల్నాటివారికి మరొకరు చెప్పనక్కరలేదని గుర్తు చేయాలి. పల్నాటి యుద్ధాన్ని మనం అన్నదమ్ముల పోరుగా చెప్పుకుంటాం. నిజమే. కాని కథలో మొదటి ముడి ఎక్కడ పడిందో చూడండి. గురజాల కొలువులో బ్రహ్మనాయుడు మంత్రి. అదే కొలువులోకి నాయకురాలు నాగమ్మ మంత్రిగా వచ్చింది. ఒకే రాజు దగ్గర ఇద్దరు సమర్థులు, ఇద్దరికీ రాజు మేలు చూస్తున్నామన్న నమ్మకం. పొసగలేదు. చివరకు రాజ్యాన్ని పంచి, బ్రహ్మనాయుడు మలిదేవుని పక్షాన మాచెర్లకు తరలివెళ్లాడు. ఇప్పటి ఆఫీసుల్లో ఇద్దరికి పడకపోతే ఒకరిని మరో సెక్షనుకు బదిలీ చేస్తారే, అదే ఇది. మనుషులు విడిపోయారు గాని తగవు విడిపోలేదు. కోడిపందెం దాకా వచ్చింది, ఓడినవారు ఏడేళ్లు వలస పోవలసి వచ్చింది. తిరిగి వచ్చి తమ పాలు అడగడానికి అలరాజును రాయబారం పంపారు.

అలరాజు మంచి మనిషి. నలగామరాజుకు స్వయాన అల్లుడు. ఇంతకన్నా తగిన మధ్యవర్తి ఎవరని మాచెర్లవారు అనుకొని ఉంటారు. కాని అతడు పోయింది మధ్యవర్తిగా కాదు, ఒక పక్షం మనిషిగా. మామగారి కంటికి అల్లుడు, నాగమ్మ కంటికి శత్రువుల మనిషి. రాయబారికీ మధ్యవర్తికీ ఉన్న భేదం అదే. రాయబారి ఒకవైపు మాట మోసుకుపోతాడు. మధ్యవర్తిని రెండు పక్షాలూ ఒప్పుకొని పిలవాలి. అలరాజు విషప్రయోగానికి బలయ్యాడనీ, ఆపైన కారెంపూడిలో యుద్ధం తప్పలేదనీ కథ. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకు కారెంపూడిలో ఆ వీరులకు ఉత్సవాలు చేస్తారు. ఈ కథను కావ్యంగా చెప్పాడనే శ్రీనాథుడు ఎడ్లపాటికి కూతవేటు దూరంలోని కొండవీటిలోనే పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా ఉన్నాడు. పండితులమధ్య వచ్చే పోట్లాటలు ఆయన ఎన్ని చూశాడో!

మన ఊళ్లకు మధ్యవర్తులు కొత్త కాదు. రచ్చబండ మీద పెద్దమనుషులు కూర్చుని తగవు చెప్పడం తాతల నాటి వాడుక. అయితే పెద్దమనిషి చేసేది తీర్పు. "నీదే తప్పు, ఇంత కట్టు" అంటాడు. కట్టినవాడు ఊరికి భయపడి కడతాడు, మనసులో మాత్రం అలాగే ఉంచుకుంటాడు. పైగా పెద్దమనిషికి తన పొలం, తన బంధువులు, తన కులం ఉంటాయి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇప్పుడు నేను చెప్పబోయే మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఎవరిది తప్పో అసలు అనడు. తగవు పడ్డ ఇద్దరినీ కూర్చోబెట్టి, వారి తగవును వారి చేతే విప్పిస్తాడు. వినడానికి ఏమంత గొప్పగా ఉండదు. చేసి చూస్తే తెలుస్తుంది.

చట్టం కూడా దీన్ని మరిచిపోలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం తగవు అంటే యజమానికీ పనివారికీ మధ్య వచ్చేదే అని ఊరుకోలేదు. పనివారికీ పనివారికీ మధ్య వచ్చేదాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నది. నూరుమంది లేక అంతకు మించి పనిచేసేచోట యాజమాన్యమూ పనివారూ కలిసి కూర్చునే వర్క్స్ కమిటీ కావచ్చునన్నది. ఆ చట్టం స్థానంలో 2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఇరవైమంది, అంతకు పైగా పనివారు ఉన్న చోట ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలనీ, అందులో రెండు పక్షాల నుంచీ సమానంగా సభ్యులుండాలనీ, మొత్తం పదిమందికి మించరాదనీ, ముప్పై రోజుల్లో పని ముగించాలనీ అందులో ఉన్నది. మంచిదే. కాని ఎంత చట్టమైనా ఉద్యోగం, పని పరిస్థితులు, వీటికి సంబంధించిన తగవులనే పట్టుకోగలదు. "నీ పెంపకం అట్టాంటిది" అన్న మాటకు ఏ కోడ్‌లోనూ సెక్షను లేదు.

తెలుగువారిలో ఈ దారిని గట్టిగా నమ్మిన పెద్ద ఒకాయన ఉన్నారు. వరాహగిరి వెంకటగిరి. బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, వచ్చి రైలు కార్మికుల మధ్య పనిచేసిన గిరిగారు 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. తగవు రాగానే ప్రభుత్వం పట్టుకుపోయి ట్రిబ్యునలు ముందు పడేస్తే కార్మికులకూ యజమానులకూ మాట్లాడుకునే అలవాటే పోతుందని ఆయన వాదన. ఎదురుబొదురు కూర్చోండి, కుదరకపోతే మధ్యవర్తిని పిలవండి, తీర్పు ఆఖరిమాట కావాలన్నారు. అప్పటి ప్రభుత్వంలోనే చాలామందికి అది రుచించలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల తగవులో ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చగా, ఆయన మంత్రిపదవి వదులుకున్నారు. తరువాత రాష్ట్రపతి అయ్యారన్నది అందరికీ తెలుసు. కాని ఈ రాజీనామా సంగతి ఎందరికి జ్ఞాపకం?

దారపు మిల్లుల మాట వచ్చింది గనుక 1918 నాటి అహమ్మదాబాదు సమ్మెనూ తలుచుకోవాలి. మిల్లు యజమానుల తరఫున అంబాలాల్ సారాభాయి, కార్మికుల తరఫున ఆయన అక్క అనసూయాబెన్! ముప్పై అయిదు శాతం పెంపు కావాలని వీరు, ఇరవైకి మించి ఇవ్వమని వారు. గాంధీగారు ఉపవాసం పట్టిన తరువాత ఇరుపక్షాలూ ఆనందశంకర ధ్రువగారిని మధ్యస్థుడిగా ఒప్పుకున్నాయి. ఆయన ముప్పై అయిదూ ఇమ్మన్నాడు. అది జీతాల తగవు, ఆయన చేసింది తీర్పే. మన కథ అంతకన్నా చిన్నది. కాని ఒప్పుకున్న మనిషి దొరికేదాకా ఏ తగవూ కదలదన్నది మాత్రం రెంటికీ ఒకటే.

మళ్లీ ఎడ్లపాటి బాబాయి దగ్గరికి వద్దాం.

మూడో మెమో తయారవుతోందని తెలిసి ఈయన మేనేజరు దగ్గరికి పోయాడు. "వారంరోజులు ఆగండి సార్, నేను మాట్లాడతాను" అన్నాడు. "మాట్లాడితే తీరేదయితే ఇన్నాళ్లు ఎందుకుంటుంది?" అన్నాడు మేనేజరు. అయినా సరేనన్నాడు. బాబాయి మూడు మాటలు ముందే అడిగి పుచ్చుకున్నాడట. వాళ్లు తనతో చెప్పుకున్నది సూపర్‌వైజరుకు చేరదు. ఒప్పుకోవాలని ఎవరినీ బలవంతం చేయరాదు. తప్పెవరిదని తనను అడగరాదు. మూడోది మేనేజరుకు మింగుడు పడలేదు. "మరి నీవు తేల్చేదేమిటోయ్?" అన్నాడు. "నేనేమీ తేల్చనండీ" అన్నాడు ఈయన.

పార్లమెంటు 2023లో చేసిన మధ్యవర్తిత్వ చట్టం ఈయన చదవలేదు. కాని అందులోనూ ఇవే ఉన్నాయి. మధ్యవర్తి ముందు అనుకున్న మాటలు గోప్యం. రెండుసార్లు కూర్చున్నాక ఇష్టం లేనివారు లేచిపోవచ్చు. మధ్యవర్తి తన నిర్ణయాన్ని ఎవరి నెత్తినా రుద్దరాదు. పెద్ద పెద్ద న్యాయకోవిదులు కూర్చుని రాసినదీ, కదుళ్లకు నూనె వేసే మనిషి తనంత తాను కనిపెట్టినదీ ఒక్కటే అయితే ఆ పద్ధతిలో ఏదో బలం ఉన్నట్టే.

మొదట ఇద్దరితో విడివిడిగా మాట్లాడాడు. పెద్దామెతో క్యాంటీను పక్కన వేపచెట్టు కింద, చిన్నామెతో మరునాడు అక్కడే. తాను మాట్లాడింది తక్కువట. "ఊ, తర్వాతమ్మా" అనడమే. పెద్దామె మొదటి పావుగంటా ఆ పిల్లను తిట్టింది. తరువాత ఏడ్చింది. రెండున్నరకు ఇంటికి చేరకపోతే మంచంలో ఉన్న మనిషికి అన్నం పెట్టేవారు లేరు. వ్యాను తప్పితే ఆటోకు డబ్బులు కావాలి. వ్యాను రెండింటికి కదులుతుంది, చోటు కావాలంటే పది నిమిషాల ముందే గేటు దగ్గర ఉండాలి. చిన్నామె తిట్టలేదు. గట్టిగా పెదవి బిగించి కూర్చుని, చివరకు ఒక్కమాట అన్నది: "మా అమ్మ పోయి నాలుగేళ్లయింది బాబాయ్. నన్ను పెంచిందాన్ని అన్నదామె."

"అప్పుడు నాకు తెలిసింది, తగవు దూది గురించి కాదని," అన్నాడాయన.

ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం ఎలా? ఒకరు దిగితే ఒకరు ఎక్కేవారాయె. పెద్దామె ఇంటిపక్కామెకు చెప్పి ఒకపూట భర్తకు అన్నం పెట్టే ఏర్పాటు చేయించాడు. తన టీవీఎస్ బండి మీద తానే ఇంటి దగ్గర దించుతానన్నాడు. చిన్నామె మిషను అరగంట చూసుకోవడానికి జాబర్ని బతిమాలాడు. ఫస్టెయిడ్ గదిలో మూడు కుర్చీలు వేయించాడు. తన కుర్చీ తలుపు దగ్గర వేసుకున్నాడు, ఎవరన్నా విసురుగా లేచిపోబోతే దాటిపోలేకుండా కాబోలు. అడిగితే నవ్వి, "కాదండీ, బయట చెవులు పెట్టేవాళ్లు వస్తే కనపడాలని" అన్నాడు.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. మీ మాట తరువాత, ముందు ఎదుటామె బాధ ఏమిటో మీరు చెప్పండి, ఆమె "అవును, అదే" అనేదాకా చెప్పండి అన్నాడు. చాలాసేపు ఇద్దరూ నోరు విప్పలేదట. గోడ గడియారం చూస్తూ ఈయనా ఊరుకున్నాడు. ఎట్టకేలకు చిన్నామే మొదలుపెట్టింది. "అక్కకు వ్యాను తప్పుద్దని భయం" అన్నది. "అంతేనా?" "అంతే." పెద్దామె తల అడ్డంగా ఊపింది. భర్త సంగతి అప్పుడు తానే చెప్పింది. ఏడాదిగా ఒకే మిషను మీద చేతులు పెట్టి పనిచేస్తున్న ఆ పిల్లకు ఈ సంగతి తెలియదు! ఆ తరువాత పెద్దామె వంతు. వేస్టు గురించి చెప్పింది. చిన్నామె కాదన్నది. ఇంకేమిటో పెద్దామెకు అందలేదు. "మా అమ్మ లేదక్కా" అన్నది ఆ పిల్ల. పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

మనవారి కథల్లో అయితే ఇక్కడ ఇద్దరూ కౌగలించుకోవాలి. అటువంటిదేమీ జరగలేదు. క్షమాపణ చెప్పించే పని బాబాయి పెట్టుకోలేదు. "అడిగి చెప్పించిన క్షమాపణ జీతం కోతలాంటిదండీ, రాస్తారు గాని మరిచిపోరు" అన్నాడు. వెంటనే పనిలోకి దిగాడు. ఒంటిగంటా యాభై నుంచి రెండు దాటి పది దాకా ఆ మిషను ఎవరిది అని అడిగాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దామె వ్యాను కోసం యాభైకే గేటు దగ్గర ఉంటుంది. చిన్నామెను తీసుకువచ్చేది కూడా ఆ వ్యానే! అది రెండింటికి వచ్చి వీరిని దించి, వారిని ఎక్కించుకుని పోతుంది. తలకు గుడ్డ కట్టుకుని మిషను దగ్గరికి చేరేసరికి చిన్నామెకు రెండుంపది. అంటే రోజూ ఇరవై నిమిషాలు ఆ మిషను ఎవరిదీ కాదు. తెగిన దారాలు తెగినట్టే ఉంటాయి. ఆ వేస్టు పెద్దామె చేసిందీ కాదు, చిన్నామె చేసిందీ కాదు. వ్యాను చేసింది. ఆ వ్యాను డ్రైవరుకు రెండున్నరకు ఏదో బడి పిల్లల ట్రిప్పు ఉన్నదట. రెండు మెమోలు రాసిన సూపర్‌వైజరుకు గాని, సంతకం పెట్టిన మేనేజరుకు గాని ఈ సంగతి తట్టలేదు. తట్టదు కూడా. వాళ్లు వ్యానులో రారు.

ఇది వింటుంటే నాకు మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికా విదుషీమణి చెప్పిన సంగతి గుర్తుకు వచ్చింది. 1925లో ఆమె ఒక ఉపన్యాసంలో చెప్పింది. హార్వర్డు గ్రంథాలయంలో చిన్న గదిలో ఇద్దరు చదువుకుంటున్నారు. ఒకరికి కిటికీ తెరవాలి, ఈమెకు మూయాలి. సగం తెరిస్తే ఇద్దరికీ సగం అసంతృప్తి. ఈమెకు కిటికీ మీద కోపం లేదు, ఉత్తరపు గాలి తిన్నగా మీద పడకుండా ఉంటే చాలు. ఆయనకు ఆ కిటికీయే కావాలని లేదు, గదిలోకి గాలి వస్తే చాలు. ఎవరూ లేని పక్క గదిలో కిటికీ తెరిచారు. ఇద్దరికీ సరిపోయింది. చెరిసగం పంచడమే రాజీ అనుకునే మనకు ఇది కొంచెం వింతగా తోస్తుంది. ఏం అడుగుతున్నారన్నది వేరు, ఎందుకు అడుగుతున్నారన్నది వేరు. మొదటిదానికి బేరమాడాలి, రెండోదానికి వినాలి.

ఎడ్లపాటివారు తెరిచిన పక్కగది కిటికీ ఏమంటే, ఊళ్లోనే ఇల్లున్న ఒకామె పక్క మిషను మీద పొద్దుటి షిఫ్టు చేస్తుంది. నడిచి పోతుంది గనుక ఆమెకు వ్యానుతో పనిలేదు. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు ఈ మిషనూ తానే చూస్తుంది. బదులుగా, పొద్దున వ్యాను ముందే వస్తుంది గనుక, పెద్దామె ఆమె మిషను ఎక్కి ఆమె వచ్చేదాకా చూస్తుంది. రెండుంపదికి వేస్టును ఒకసారి తూచి విడిగా రాస్తారు. బాబాయి తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాశాడు. ఇద్దరూ సంతకాలు చేశారు. మూడో సంతకం పక్క మిషను ఆమెది. ఆమె పెట్టిన షరతు ఒకటి కూడా అందులో చేరింది: పండగనాళ్లలో ఈ ఏర్పాటు చెల్లదు!

అన్ని తగవులూ ఇలా విప్పవచ్చునని అనుకోరాదు. ఈ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే "సర్దుకుపొండి" అనే మాటతో మనవాళ్లు ఎన్నో అన్యాయాలను కప్పిపెడుతున్నారు. బాబాయే ఒక ఓటమి చెప్పాడు. మిరపకాయల టిక్కీలు ఎత్తే ముఠాలో ఇద్దరు హమాలీలు కొట్టుకునేదాకా వచ్చారు. ఈయన కూర్చుని విన్నాడు. విన్నకొద్దీ తేలింది ఏమంటే, వాళ్లిద్దరి మధ్యా ఏమీ లేదు. కూలి డబ్బు పంచేవాడు ఇద్దరికీ తక్కువ ఇచ్చి, ఎదుటివాడు ఎక్కువ తీసుకున్నాడని చెరొకరికీ చెప్పాడు. "అది లెక్క అడగాల్సిన పని. మధ్యవర్తి పని కాదు" అని లేచి వచ్చాడట.

ఆడవారిని పని చోట వేధించిన సంగతి అంతకన్నా వేరు. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. రాజీ మాట ఎత్తాలంటే బాధపడిన స్త్రీ తనంత తాను కోరాలి. ఆమె కోరినా సరే, డబ్బు ఇచ్చి రాజీ చేయడానికి వీలులేదు. "ఏదో పొరపాటయింది, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అనే పెద్దమనుషులు ఈ సంగతి తెలుసుకోవాలి. కులం పేరుతో దూషించినవాడిని, కొట్టినవాడిని మధ్యవర్తి ముందు కూర్చోబెట్టడం మధ్యవర్తిత్వం కాదు, నేరాన్ని మూటకట్టడం. అలాగే ఒకరు పై అధికారి, ఒకరు కిందివాడు అయినప్పుడు కిందివాడి "సరే"కు ఎంత విలువ ఉంటుందో మధ్యవర్తి చూసుకోవాలి. భయంతో చెప్పిన సరే చెవికి ఒకటే వినపడుతుంది, కంటికి వేరుగా కనపడుతుంది.

మన ఇళ్లలో జరిగేది కూడా ఒకటి ఉన్నది. ఆఫీసునుంచి వచ్చిన ఆయన కాఫీ తాగుతూ పక్కసీటు వాడిని తిడతాడు. ఇల్లాలు జాలిపడి, "మీరు మరీ మెత్తన, ఈసారి గట్టిగా అడగండి" అంటుంది. ఉద్యోగం చేసి వచ్చిన ఆవిడ చెబితే ఆయనా ఇదే అంటాడు. ప్రేమతో అన్నదే. కాని ఆ పక్కసీటు వాడి ఇంట్లో కూడా ఆ వేళకు అదే కాఫీ, అదే మాట. మరునాడు ఇద్దరూ ఇంటినుంచి బలం తెచ్చుకొని వస్తారు! ఎవరు ఏమన్నారని కాక, ఆ ముందు ఏం జరిగిందని ఒకసారి అడిగి చూస్తే కథ ఎక్కడో వేరే చోట మొదలవుతుంది. నాకు తెలిసిన ఒక కచేరీలో ఇద్దరు గుమాస్తాలు ఆరునెలలు మాట్లాడుకోలేదు. కారణం ఫ్యాను అనుకున్నాం. అసలు కారణం, ఒకరి కూతురి పెళ్లికి రెండోవారికి శుభలేఖ పోస్టులో ఆలస్యంగా అందడం.

బాబాయి మాటల్లో పడి భోజనాల వేళ మరిచాం. లోపలినుంచి కేకలు వస్తున్నాయి. "మరి ఇప్పుడు వాళ్లిద్దరూ స్నేహంగా ఉన్నారా?" అని అడిగాను. కథలు చదివే అలవాటు పోదు గదా.

"లేదండీ. కలిసి టీ కూడా తాగరు. కాని మొన్న పెద్దామె భర్తకు జబ్బు చేసి వారం రాకపోతే, ఆ పిల్ల పొద్దుట షిఫ్టుకు మారి ఆ మిషను ఎక్కింది. ఎవరూ అడగలేదు," అన్నాడు.

వ్యాను సంగతి ఏమయిందంటే, అది తేలడానికి మాత్రం రెండు నెలలు పట్టిందట. మేనేజరు మాట్లాడి, డ్రైవరు బడి ట్రిప్పును వేరొకరికి అప్పగించిన తరువాత, ఇప్పుడు రెండుంపావుదాకా గేటు దగ్గర ఆగుతుందట.

మరునాడు తిరుగు ప్రయాణంలో, బస్సుకోసం ఆ మిల్లు ఎదుటనే నిలబడ్డాను. గడియారం రెండుంపది చూపిస్తోంది. గేటు పక్కన వ్యాను ఆగి ఉన్నది. తలమీది గుడ్డ విప్పి, జుట్టులో చిక్కుకున్న దూది పింజలు ఏరుకుంటూ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఎక్కుతున్నారు. అందరికంటే వెనకగా, తొందరేమీ లేకుండా ఒక పెద్దామె నడిచివచ్చింది. ఆమె ఈమేనా అన్నది నాకు తెలియదు. డ్రైవరు హారన్ కొట్టాడు. "వస్తున్నానయ్యా, కదలబోకు" అంటూ ఎక్కింది.